వెనక్కి నడిచి వచ్చిన నాయన

మా నాయన ముఖం నాకు గుర్తు లేదు. వీపు మాత్రం బాగా గుర్తుంది.

ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. పట్టుచీర నేసే మనిషి నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాడు. ముందువైపు పడుగు పరుచుకుని ఉంటుంది కాబట్టి పిల్లల్ని అటు రానివ్వరు. పిల్లల చెయ్యి తగిలి నాలుగు పోగులు తెగితే అతికేసరికి పూట గడిచిపోతుంది. అందుకని నా ఆటలూ చదువూ అన్నీ నాయన వీపు వెనకే. చెమటకు తడిసిన బనియను, ఎడమ భుజం దగ్గర చిన్న చిరుగు, మెడ మీద ఒక పులిపిరి. పలక ఒళ్ళో పెట్టుకుని ఆ వీపుకు ఎక్కాలు అప్పజెప్పేదాన్ని. నాకు ఏడేళ్ళప్పుడు ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి గుంత ఖాళీగా ఉంది. నాయన ఏడని అడిగితే, మూల కూర్చుని కండెలకు దారం చుడుతున్న అమ్మ తలెత్తకుండా “పోయినాడు” అంది.

“పోయేటప్పుడు ఏమన్యాడు?”

“ఏమీ అనలే.”

ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో ఆ ప్రశ్న ఎన్నిసార్లు అడిగానో లెక్క లేదు. జ్వరంలో మూలుగుతూ అడిగాను. టెన్త్ పాసైన రోజు, ఈరోజైనా చెప్పకపోతుందా అని అడిగాను. ఉద్యోగం వచ్చాక పోట్లాడి అడిగాను. జవాబు ఒక్కటే. కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. మా అమ్మ నోట్లో బెల్లంగడ్డ వేసినా ముప్పై ఏళ్ళు కరగకుండా ఉంటుంది.

నేను నమ్మలేదు. ఇల్లు విడిచి పోయే మనిషి ఏదో ఒకటి అంటాడు. వస్తానంటాడు, చస్తానంటాడు, కనీసం చెప్పులు ఏవీ అంటాడు. ఆ మాట అమ్మ దాచి పెట్టుకుందని నా అనుమానం. అది నా మాట కూడా కదా, నాకు చెందాల్సింది కదా అని కోపం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అనంతపురం హైస్కూల్లో నా దగ్గర లెక్కలు చదువుకున్న పిల్లలెవరిని అడిగినా చెబుతారు.

నాలుగేళ్ళ కిందట సెలవు పెట్టి హైదరాబాదులో ఏడాది పాటు నాటకం కోర్సు చేసి వచ్చాను. వచ్చీ రాగానే మా నాయన మీద నాటకం రాయడానికి కూర్చున్నాను. మొదట ఏడుపు నాటకమే మొదలుపెట్టాను. మూడు పేజీలయ్యేసరికి నాకే విసుగొచ్చింది. కరువు సీమ, వెళ్ళిపోయిన తండ్రి, ఏడ్చే పిల్ల అనగానే తెర లేవకముందే జనం జాలి పడిపోతారు. నాకు ఎవరి జాలీ అక్కర్లేదు. నాకు జవాబు కావాలి. నవ్వే మనిషి నోరు తెరుస్తాడు కాబట్టి నవ్వించే నాటకమే ఆడదామనుకున్నాను.

దానికి ఒకటే నియమం పెట్టుకున్నాను. నాయన పాత్ర మొదటి నుంచి చివరిదాకా జనానికి వీపే చూపించాలి. ముఖం నాకు తెలియదు కాబట్టి తెలియనిది చూపించను. కూతురి వేషం నాది. అమ్మకు వేషం లేదు. “అమ్మ లోపల వంట చేస్తాంది” అని ఒక మాట రాసి సరిపెట్టాను.

నాయన వేషానికి ఒక రిటైర్డ్ బస్సు కండక్టర్‌ను పట్టుకున్నాను. పౌరాణిక నాటకాల్లో ముప్పై ఏళ్ళు కిరీటం దించని మనిషి. సంగతి చెప్పగానే ఆయన ముఖం చిన్నబోయింది.

“ఏమ్మా, ముప్పై ఏండ్లు స్టేజీ మింద మొగం చూపిచ్చినోణ్ణి. ఇప్పుడు వీపు చూపిచ్చమంటావా? జనాలకు వీపు చూపిస్తే అపచారం కదా?”

“వీపుతోనే మాట్లాడల్ల అన్నా.”

“వీపుకు మాటలు యాడొస్తాయమ్మా?”

“మా నాయన వీపుకు వచ్చేటివి.”

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, రేపటి నుంచి వస్తానన్నాడు. వారం తర్వాత వాళ్ళావిడ ఫోన్ చేసింది. “ఏం నేర్పిస్తాండావమ్మా ఈ మనిషికి? ఇంట్లో నాకు గూడా వీపే చూపిస్తాండాడు. అన్నం పెడితే అటు తిరిగి తింటాండాడు.” అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఆయనా, నేనూ, హార్మోనియం వాయించే ఒక పెద్దాయనా. అంతే మా నాటక సమాజం.

కథ చెప్పుకోదగ్గది ఏమీ లేదు. కూతురు ఫస్టు మార్కులు తెచ్చి వీపుకు చూపిస్తుంది. వీపు ఉబ్బుతుంది. బడిలో పేరెంట్స్ మీటింగుకు వీపును లాక్కుని పోతుంది. రేషన్ కార్డు ఫోటోకు వీపును కూర్చోబెడుతుంది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు వీపుతోనే మాట్లాడి, పెద్దమనిషి చాలా మర్యాదస్తుడని మెచ్చుకుని పోతారు. ఆఖరున నాయన చెప్పులు తొడుక్కుంటాడు. అప్పుడు నేను ముందుకు వచ్చి జనాన్ని అడుగుతాను. “ఈ మనిషి ఇప్పుడు ఇల్లిడిచి పోతాండాడు. పోతా పోతా ఏమన్యాడో నాకు తెల్దు. మీరు చెప్పండి.” వాళ్ళు ఏది చెబితే నాయన అది అని వెళ్ళిపోతాడు.

మొదట బుక్కరాయసముద్రంలో ఆడాము. పది నిమిషాలు గడవకముందే కేకలు మొదలయ్యాయి. “ఏమప్పా, ఈ పక్క తిరుగు! వీపు చూసేకి వచ్చినామా?” ఆయన వీపు బిగుసుకోవడం నాకు కనిపించింది కానీ తిరగలేదు. చివరి ప్రశ్న వేసేసరికి మాత్రం నోళ్ళు ఊరికే ఉండలేదు. “బీడీలకు పోయొస్తా అన్యాడు.” “బోరు బండి వచ్చిందేమో చూసొస్తా అన్యాడు.” ముందు వరుసలో ఒక అవ్వ, “ఏమంటాడు లేమ్మా, తువ్వాల యాడుండాదే అనింటాడు” అంది. అందరితోపాటు నేనూ నవ్వాను. నవ్వుతూనే ప్రతి మాటనూ లోపల అని చూసుకున్నాను, ఇదేనా అని. ఇంటికొచ్చి అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను.

అసలు సంగతి గుమ్మఘట్టలో జరిగింది. అక్కడ సగం జనం తెలుగు, సగం జనం కన్నడం. పద్యనాటకాలు చూసి పెరిగిన ఊరు. పద్యనాటకానికి ఒక ఆచారం ఉంది. పద్యం బాగుంటే జనం వన్స్‌మోర్ అంటారు. అన్నారంటే నటుడు మళ్ళీ పాడి తీరాలి. యుద్ధంలో పడి చనిపోయిన వీరుడైనా సరే, లేచి, బట్టలు సర్దుకుని, పద్యం మళ్ళీ ఎత్తుకుని, మళ్ళీ పడి చనిపోవాలి. నాకు ఈ ఆచారం తెలుసు. మాది పద్యాలు లేని నాటకం కాబట్టి మనకు పట్టదనుకున్నాను.

ఆ రోజు జనంలో ఎవరో “హోగి బర్తీని” అనమన్నారు. పోయొస్తానని అర్థం. మా కండక్టరన్నకు పాత బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ రెండు మాటల్నీ రాగం తీసి, గాల్లో తిప్పి, హార్మోనియం పెద్దాయన తంటాలు పడి అందుకునేలోపు దించి, ఠీవిగా తెర వెనక్కి నడిచాడు. నేను కన్నీళ్ళు పెట్టుకోవలసిన ఘట్టం అది. సరిగ్గా అప్పుడు వెనక బల్ల మీది నుంచి ఒక ముసలాయన గట్టిగా అరిచాడు.

“వన్స్‌మోర్!”

ముప్పై ఏళ్ళ అలవాటు. తెర కదిలింది. మా అన్న వస్తున్నాడు. కానీ ముఖం చూపించకూడదన్న నియమం కూడా మరిచిపోలేదు పాపం. అందుకని వెనక్కి నడుస్తూ వచ్చాడు. మడమతో నేల తడుముకుంటూ, చేతులు వెనక్కి చాచి, హార్మోనియాన్ని తన్ని, “అబ్బా” అని, మొదట నిలబడిన చోటికి వచ్చి నిలబడ్డాడు. జనం పడి పడి నవ్వారు. రాగం తీశాడు, వెళ్ళాడు. మళ్ళీ వన్స్‌మోర్. మళ్ళీ వెనక్కి నడిచి వచ్చాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడాది కష్టపడి రాసుకున్న ముగింపును కోతిచేష్ట చేసి పెట్టాడు కదా అని పళ్ళు కొరుకుతూ నిలబడ్డాను. మూడోసారి వచ్చేటప్పుడు దారి తప్పి ఆ వీపు తిన్నగా నా మీదికే వచ్చింది. బనియను, చెమట. జానెడు దూరంలో ఆగింది. నా చేతులు వాటంతటవే లేచాయి. “నాయనొచ్చినాడు” అన్నాను. అది నేను రాసిన మాట కాదు.

ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ముప్పై ఏళ్ళుగా రాని మనిషి ఎవరో ముసలాయన కేక వేస్తే వచ్చాడు. తిరుగు ప్రయాణంలో అన్నను దారి పొడుగునా తిట్టాను. రాయదుర్గం దాటాక, “అది ఉండనీ అన్నా. ఈసారి నించి జనం ఎన్నిసార్లంటే అన్నిసార్లు రా” అన్నాను.

అప్పటికే నేను ఒక నిశ్చయానికి వచ్చేశాను. ఈ నాటకం ధర్మవరంలో, మా వీధిలోనే ఆడాలి. అమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టాలి. వీధి మొత్తం వింటుండగా ఆ ప్రశ్న అడగాలి. అప్పుడు కూడా “ఏమీ అనలే” అని తప్పించుకుంటుందా చూడాలి. ఇది మంచి పని కాదని నాకు తెలుసు.

“సొంత ఊర్లో సొంత నాయన కత ఆడేది మంచిది కాదమ్మా” అన్నాడు కండక్టరన్న.

“ఆడాల్సిందే.”

మొండివాడు రాజుకన్నా బలవంతుడని సామెత. మొండిదాని గురించి సామెత కట్టే ధైర్యం ఇంకా ఎవరికీ వచ్చినట్టు లేదు.

అమ్మను పిలవడానికి వెళ్ళినప్పుడు మగ్గంలో ఉంది. నాయన పోయిన వారానికే ఆ గుంతలో దిగి కూర్చుంది, ఇప్పటికీ లేవలేదు. “మీ నాయన మింద నాటకమంట గదా. నగు వస్తాదా?” అంది.

“వస్తాది.”

“అట్లయితే వస్తా.”

మగ్గాలు ఆగాక, ఇంకా ఎండ ఉండగానే మొదలుపెట్టాం. వీధికి అడ్డంగా షామియానా. అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది. పేరెంట్స్ మీటింగు దగ్గర నవ్వింది. పెళ్ళిచూపుల దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేటట్టు నవ్వింది. అమ్మ అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఒక్క క్షణం ఆ ప్రశ్న మానేద్దామా అనిపించింది. మానలేదు.

ముందుకు వచ్చి, అమ్మ కళ్ళలోకే చూస్తూ అడిగాను. “ఈ మనిషి పోతా పోతా ఏమన్యాడో మీరు చెప్పండి.”

అమ్మ నన్నే చూస్తూ ఊరుకుంది. వింతేమిటంటే వీధి కూడా ఊరుకుంది. ఏ ఊళ్ళోనైనా ఆ ప్రశ్నకు పది గొంతులు లేచేవి. ఇక్కడ నేను పుట్టిన దగ్గర నుంచి ఎరిగిన పెద్దవాళ్ళందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. ఊరి నోటికి మూకుడు లేదంటారే, ఆ రోజు ఎవరో గట్టిగా మూకుడు బోర్లించినట్టే ఉంది. చివరికి హార్మోనియం పెద్దాయనే “పోయొస్తా” అని అందించాడు. నాయన ఆ మాట అని వెళ్ళాడు.

వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలు, వేరే వీధివాళ్ళు, “వన్స్‌మోర్!” అని అరిచారు.

“గమ్మునుండండ్రా” అని ఒక పెద్దాయన కసురుకున్నాడు. కానీ అప్పటికే అన్న మడమతో నేల తడుముకుంటూ వచ్చేశాడు. వెళ్ళాడు. మళ్ళీ కేక, మళ్ళీ వచ్చాడు. వెళ్ళాడు. మూడోసారి వచ్చాడు. కాలేజీ పిల్లలు తప్ప ఎవరూ నవ్వడం లేదు. నాలుగోసారి పోబోతూ ఆయన ఒక అడుగు వేశాడు. అమ్మ కుర్చీలో నుంచి లేచింది.

“సాలు. ఇంగ పోనీ.”

అన్న అడుగు వేసిన వాడు వేసినట్టే ఆగిపోయాడు. అమ్మ నా వైపు తిరిగింది.

“నీకు ఎవురు చెప్పినారు?”

“ఏం చెప్పినారు?”

“నాలుగుసార్లని. ఎవురు చెప్పినారు నీకు?”

నాకు అర్థం కాలేదు. వీధి మొత్తానికీ అర్థమైంది, నాకు కాలేదు. ఏమీ తెలియకుండానే ఆడుతున్నానని అమ్మకు నా ముఖం చూశాక తెలిసింది. అక్కడితో కూర్చోవచ్చు. నవ్వేసి ఇంటికి పోవచ్చు. కానీ మా అమ్మ ఎత్తిన పని సగంలో దించదు.

“పోయేది, వచ్చేది. అదే పని ఆయప్పకు. బళ్ళారి అనేది, బెంగుళూరు అనేది, ఆర్నెల్లకు వచ్చేది. నువ్వు పని మింద పోయినాడనుకుంటివి, నేను గూడా అట్లే అనుకోనిస్తి. వచ్చినప్పుడంతా తలుపు తీస్తి, అన్నం పెడ్తి. మూడుసార్లు.” ఊపిరి తీసుకుంది. “పోతా ఏమన్యాడని ఇన్నేండ్లు అడుగుతాండావే. ఆయప్ప ఏమీ అనలే. అనింది నేను. ఈసారి పోతే రావద్దు అంటి. రాలే.”

కొంగు సర్దుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. నాటకం అక్కడితో ఆగిపోయింది. కండక్టరన్న మాత్రం జనం అందరూ లేచి పోయేదాకా ముఖం ఇటు తిప్పలేదు.

మరుసటి రోజు పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టి అడిగేశాను.

“నా నాయనను నన్నడక్కుండా పంపిచ్చేస్తివి.”

“అవును. ఏడేండ్ల దాన్ని అడిగి పంపిచ్చల్లనా?”

“పెద్దయినాక చెప్పకపోతివే. ముప్పై ఏండ్లు!”

“ఆయప్ప ఏమన్యాడని అడిగితివి, ఏమీ అనలే అని చెప్తి. దాంట్లో అబద్దం ఏముండాది? నేనేమంటినో నువ్వు ఎప్పుడన్నా అడిగినావా?”

అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. నా నోట్‌బుక్కులో ఊరూరా ఏరుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి, అన్నీ నాయన నోటికి రాసినవే. ఆ ఇంట్లో ఇంకో మనిషికి నోరుందని నాకు తోచలేదు.

“కోపం పెట్టుకోవాలంటే నా మింద పెట్టుకో” అంది అమ్మ. “ఆయప్ప మింద ముప్పై ఏండ్లు పెట్టుకుంటివి గదా, ఇంగ ముప్పై నా మింద పెట్టుకో. నేనేం కాదనను.”

పెట్టుకున్నాను. మూడు వారాలు ఫోన్ చేయలేదు. అలవాటైన కోపాన్ని ఒకరి మీద నుంచి తీసి ఇంకొకరి మీద పెట్టడం అనుకున్నంత సులువు కాదు. నాయన మీద పూర్తిగా పోలేదు, అమ్మ మీద పూర్తిగా నిలవలేదు. పొమ్మనలేక పొగబెట్టే మనుషులను చాలామందిని చూశాను. పొమ్మని నోటితో చెప్పి, ఆ మాట బరువు ముప్పై ఏళ్ళు తానే మోసి, మొగుడు విడిచిపోయిన ఆడది అని వీధి అనుకున్నా, నాయన లేని పిల్లనని నేను ఏడ్చినా నోరు మెదపని మనిషిని ఒక్కదాన్నే చూశాను. నాలుగో ఆదివారం ధర్మవరం బస్సెక్కాను. సోమందేపల్లెలో నాటకం ఆడమని పిలుపు వచ్చింది. పాత నాటకం ఇక ఆడలేను. కొత్తది రాయాలంటే అమ్మ కావాలి.

మగ్గంలో కూర్చుని ఉంది. నేను వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను.

“ఈసారి నాటకంలో నీ యాసం నేనే కడతాండా” అన్నాను.

“నాకెందుకు యాసం?” అంది గానీ మగ్గం ఆపింది.

“ఆ మాట ఎట్ల అంటివి? గట్టిగా అరిస్తివా?”

“లే. మెల్లగా అంటి.”

“అంత కోపంలోనా?”

“అరిస్తే పక్కిండ్లోళ్ళు వస్తారు. వచ్చినోళ్ళు గమ్మునుంటారా? సర్ది చెప్తారు. సర్ది చెప్తే నేను మళ్ళా వింటా. ముందు మూడుసార్లు అట్లే అయ్యింది. అందుకే ఆయప్ప తిని చెయ్యి కడుక్కుంటాంటే చెంబుతో నీళ్ళు పోస్తా, ఆయప్పకు ఒక్కనికి వినపడేటట్ల అంటి. నువ్వు బడికి పోయింటివి.”

నేను లేచి నిలబడి అన్నాను. “ఈసారి పోతే రావద్దు.”

“ఏడుస్తాండావు. ఏడ్చద్దు.”

మళ్ళీ అన్నాను.

“ఇప్పుడు తిడతాండావు. తిడితే నగుతాడు, కూసుంటాడు.”

మళ్ళీ అన్నాను. ఈసారి అమ్మ గుంతలో నుంచే తల తిప్పి నా ముఖం చూసింది.

“నీ గొంతులో ఇంగా వస్తాడేమోనని ఉండాది” అంది. “అది ఉంటే ఆయప్పకు తెలుస్తాది. వస్తాడు.”

బస్సులు పోతే పోనీ అని ఆ రోజంతా ఆ ఒక్క మాటే పట్టుకుని కూర్చున్నాను. అమ్మ నేస్తూనే వింది. కాదంటే మగ్గం ఆగేది, నేను మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. ఎన్నోసారో తెలియదు, గొంతులో తడి ఆరిపోయి, అడగడం మానేసి, ఊరికే చెప్పాను. “ఈసారి పోతే రావద్దు.”

మగ్గం ఆగలేదు.

“ఆఁ” అంది అమ్మ. “ఇప్పుడు పోతాడు.”